కుషన్ బాగుంది సరే, కుట్టు ఏదండీ?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అలంకరణ మీద ఈ మధ్య వచ్చిన పేజీ గురించి ఈ ఉత్తరం. చేతి కుట్టుతో హాలుకి కొత్త కళ తెచ్చుకోండి అని పెద్ద హెడ్డింగు పెట్టి కింద వరసగా ఫోటోలు వేశారు, ఒక్కో ఫోటోకి రెండేసి లైన్లు రాశారు, ఆ రెండు లైన్లలోనూ చూడముచ్చటగా, ట్రెండీగా అనే మాటలు తప్ప ఇంకేం లేదు. పోనీ ఫోటోలైనా నిజమైనవా అంటే, నాకు తెలిసి అందులో కనీసం రెండు ఏ మనిషీ చేత్తో కుట్టినవి కావు. కంప్యూటర్ గీసిన బొమ్మలు. ఊరికే అనుమానంతో అనడం లేదు, కుట్టుపని తెలిసినవాళ్లం నలుగురం భూతద్దం పెట్టి మరీ చూసి చెబుతున్నాం.

మందారం ఉన్న కుషన్ ఫోటోనే తీసుకోండి. రేకుని సాటిన్ కుట్టుతో నింపినప్పుడు దారాలన్నీ ఒక వాలులో వెళ్తాయి, రేకు అంచు నుంచి మొదలు దాకా, ఒకదాన్నొకటి ఆనుకుని. రేకు వంపు తిరిగిన చోట ఆ వాలు కూడా కొద్దికొద్దిగా తిరుగుతుంది, అందుకే వెలుతురు పడ్డప్పుడు ఒక పక్క మెరిసి ఇంకో పక్క కాస్త ముదురుగా కనిపిస్తుంది. మీ మందారంలో సగం రేకు దాకా దారం పోగులు కనపడ్డాయి, మిగతా సగం పెయింట్ వేసినట్టు నున్నగా ఉంది. కాడ ఎడమ పక్క నుంచి వచ్చి ఆకు కిందకి దూరి మళ్లీ ఎక్కడా బయటికి రాలేదు. రెండో ఫోటోలో రింగుకి బిగించిన గుడ్డ, పక్కన సూది. ఆ సూదికి రెండు కొసలా కన్నాలే, మొన లేదు! దారం గుడ్డలోంచి కాకుండా చెక్క రింగులోంచి పైకి వస్తోంది. మొన లేని సూదితో కుట్టిన కుషన్ని హాల్లో పెట్టుకోమని మాకు చెబుతున్నారన్నమాట.

నవ్వుకుని పేజీ తిప్పేసేదాన్నే. కానీ మా పక్కింటి అమ్మాయి ఆ ఫోటో కత్తిరించుకుని, దానికి సరిపోయే రంగు దారాలన్నీ కొనుక్కుని "ఆంటీ, ఇది నేర్పిస్తారా" అని వచ్చింది. కొత్తగా పెళ్లయిన పిల్ల, అద్దె ఇల్లయినా హాలుని తనకి నచ్చినట్టు దిద్దుకోవాలని ముచ్చటపడింది. ఆ ఫోటో ముందేసుకుని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకే పాలుపోలేదు, ఎందుకంటే అది కుట్టడానికి కుదిరే బొమ్మే కాదు. చివరికి దాన్ని పక్కన పడేసి, మా పెరట్లో పూసిన మందారం ఒకటి కోసుకొచ్చి, చూస్తూ కాగితం మీద ఐదు రేకులు గీసి ఇచ్చాను. అప్పటికీ ఆ పిల్ల "మరి పేపర్లో వేశారు కదా ఆంటీ" అంటూనే ఉంది. పేపర్లో వచ్చిందంటే నిజమేనని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారండి. ఆ నమ్మకాన్ని ఇలాంటి బొమ్మల కోసం పాడుచేసుకోవద్దు.

నేను అడిగేది ఒక్కటే. కుట్టుపని మీద పేజీ వేస్తే అందులో కుట్టుకోవడానికి పనికొచ్చే నమూనా వేయండి. అసలు సైజులో, గీతలతో.

ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. మా అమ్మలు, అత్తలు వారపత్రికల్లో వచ్చే డిజైన్లు కత్తిరించి ట్రంకు పెట్టెల్లో దాచుకున్నవాళ్లే. పల్చటి ట్రేసింగ్ కాగితం మీదకి ఆ గీత దింపి, గీత పొడవునా సూదితో సన్నటి కన్నాలు పొడిచి, కాగితాన్ని గుడ్డ మీద పెట్టి, కిరోసిన్లో కలిపిన నీలిమందుని దూదితో దాని మీద రుద్దేవాళ్లు. కాగితం ఎత్తితే గుడ్డ మీద నీలం చుక్కల వరస. ఒకసారి పొడిచిన కాగితం ఎన్ని గలీబులకైనా పనికొచ్చేది, వీధి వీధంతా తిరిగేది. అందుకే అప్పట్లో ఏ ఇంటికెళ్లినా అవే రెండు హంసలు, అదే ద్రాక్షగుత్తి, తలగడ మీద ఇంగ్లీషులో అదే గుడ్ నైట్, గుమ్మం పైన అద్దాల ఫ్రేములో పూసలతో కుట్టిన సుస్వాగతం. టీవీకి కవరు, రేడియోకి కవరు, ఆఖరికి ఫ్రిజ్ హ్యాండిల్‌కి కూడా కవరు. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం అతి అనే అనిపిస్తుంది, ఫ్రిజ్ హ్యాండిల్ ఏం పాపం చేసిందో! కానీ ఆ పత్రికలు పాఠకురాలిని పని చేయగల మనిషిగా చూశాయి. గీత ఇచ్చి, మిగతాది నువ్వు చేసుకోగలవు అన్నాయి. ఇప్పటి పేజీలు ఫోటో చూపించి, ఎక్కడో ఆన్‌లైన్‌లో కొనుక్కో అంటున్నాయి.

యూట్యూబ్ ఉంది కదా అనకండి. చెయ్యి ఎలా తిప్పాలో చూసుకోవడానికి వీడియోని మించింది లేదు, నేనూ చూస్తాను. కానీ వీడియోలోంచి గీత గుడ్డ మీదకి దిగదు. ఫోన్ స్క్రీన్ మీద కాగితం పెట్టి గీయబోతే వేలు తగిలి బొమ్మ జరుగుతుంది, లేదంటే ఉన్నట్టుండి పెద్దదైపోతుంది, అదీ కాకపోతే ఎవరిదో ఫోన్ వస్తుంది. అచ్చు కాగితానికి మాత్రమే కుదిరే పనులు చాలా తక్కువ మిగిలాయి, అందులో ఇదొకటి, దీన్ని కూడా మీరే చేజేతులా వదిలేసుకుంటే ఎలా?

నమూనా అంటే ఏమేం ఉండాలో కూడా రాస్తాను, తర్వాత మాకెవరూ చెప్పలేదు అనుకోకుండా. సోఫా కుషన్ సాధారణంగా 16 అంగుళాల చదరం ఉంటుంది, మీ అనుబంధం పేజీలో అది మొత్తం పట్టదు. పట్టక్కర్లేదు కూడా. నాలుగు పక్కలా ఒకేలా ఉండే డిజైన్ ఎంచుకుని అందులో పావు భాగం, అంటే 8 అంగుళాల చదరం వేస్తే చాలు, కాగితాన్ని తిప్పుకుంటూ నాలుగుసార్లు దింపుకుంటాం. ఏ గీత మీద ఏ కుట్టో పక్కనే రాయాలి. కాడకి కాడకుట్టు, ఆకు అంచుకి గొలుసు కుట్టు, చిన్న పూలకి లేజీ డైజీ, పువ్వు మధ్యలో ముడి కుట్టు, ఇలా. సాటిన్ కుట్టు వేయాల్సిన చోట వాలు ఎటు ఉండాలో చిన్న బాణం గుర్తు పెట్టండి, కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే.

దారం సంగతి అందరూ వదిలేస్తారు. ఎంబ్రాయిడరీ దారం లడీ, అంటే ఒక చుట్ట, 8 మీటర్లు, అందులో ఆరు పోగులు ఉంటాయి. ఎన్ని పోగులతో కుట్టాలో చెప్పకపోతే కొత్తగా పట్టుకున్నవాళ్లు ఆరింటినీ కలిపి సూదికి ఎక్కిస్తారు, అప్పుడు మల్లె తీగ కాస్తా మోకులా తయారవుతుంది. రెండేసి పోగులుగా విడదీస్తే అదే లడీలోంచి 24 మీటర్లు వస్తుంది, సన్నటి పనికి అది చాలా దూరం వెళ్తుంది. అందుకని రంగు రంగుకీ ఎన్ని లడీలు పడతాయో, షేడ్ నంబరు ఏమిటో రాయాలి. పెద్ద ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. మా పాలకొల్లులాంటి చోట షాపులో ఆకుపచ్చ అంటే ఏదో ఒక ఆకుపచ్చ ఇస్తారు, సగంలో దారం అయిపోయి మళ్లీ వెళ్తే ఆ షేడు ఉండదు, భీమవరమో రాజమండ్రో వెళ్లేవాళ్లతో చెప్పి పంపాలి. ఇక గుడ్డ. కాటన్ గుడ్డయితే కుట్టే ముందే ఓసారి తడిపి ఆరేసి ఇస్త్రీ చేయమని ఒక్క లైను చాలు. అది చేయకపోతే మొదటి ఉతుకులో గుడ్డ కుంచించుకుపోయి, దారం మాత్రం అలాగే ఉండి ఉబ్బెత్తుగా తేలి, నెల రోజుల కష్టం ముడతలు పడుతుంది. ఎరుపు, ముదురు నీలం దారాలు రంగు దిగుతాయేమో చిన్న ముక్క తెల్లగుడ్డ మీద తడిపి చూసుకోమని ఇంకో లైను. ఇస్త్రీ ఎప్పుడూ వెనక వైపు నుంచి, కింద తువ్వాలు మడతపెట్టి, లేకపోతే ముడి కుట్లన్నీ అణిగిపోతాయి. అంతే కదా, ఇవన్నీ కలిపినా మీ ట్రెండీ లైన్ల కంటే ఎక్కువ జాగా పట్టవు.

డిజైన్లు ఎక్కణ్ణుంచి తేవాలి అంటారేమో. మన వాకిట్లో ఉన్నాయి కదండీ. గళ్లు గళ్లుగా నేసిన మేటీ క్లాత్ మీద ఇంటూ గుర్తుల్లా క్రాస్ స్టిచ్ వేసేటప్పుడు గళ్లు లెక్కపెట్టుకుంటూ పోతాం, చుక్కల ముగ్గు కూడా లెక్కే. 7 చుక్కలు, 7 వరసల ముగ్గు తీసుకుని చుక్కకీ చుక్కకీ మధ్య 4 గళ్లు వదిలితే మొత్తం 24 గళ్లు అవుతుంది, అంగుళానికి 8 గళ్లు ఉండే గుడ్డయితే సరిగ్గా 3 అంగుళాల ముగ్గు. టేబుల్ మ్యాట్ నాలుగు మూలలకీ అది చక్కగా నప్పుతుంది. నిలువు, అడ్డం, ఐమూల గీతలతో తేలిపోయే ముగ్గులే దీనికి పనికొస్తాయి. ఇంటూ గుర్తులో పై గీత అన్ని కుట్లలోనూ ఒకే వైపు వాలాలి, ఒక్కటి అటు తిరిగినా కంటికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మెలికల ముగ్గుకి క్రాస్ స్టిచ్ పనికిరాదు, వంపులన్నీ మెట్లు మెట్లుగా వస్తాయి. దానికి మామూలు కాటన్ గుడ్డ మీద కాడకుట్టు గానీ గొలుసు కుట్టు గానీ వేసుకుని, చుక్క ఉన్న చోటల్లా ముడి కుట్టు పెట్టుకోవాలి. ముదురు మెరూన్ గుడ్డ మీద తెల్ల దారంతో కుట్టిన మెలికల ముగ్గు కుషన్ చూస్తే, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఆ ఏనుగుల కుషన్లు ఎవరూ ముట్టుకోరు. పక్కనే కర్ణాటకలో ధార్వాడ వైపు కసూతి చూడండి. గుడ్డ పోగులు లెక్కపెట్టి గోపురాలు, తేర్లు, తులసికోటలు కుడతారు, ముడి వేయరు, గవంతి అనే కుట్టయితే ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది. మనవాళ్ల కుట్లు వెనక్కి తిప్పితే పైన పటారం లోన లొటారం. నాది కూడా అంతే లెండి, కాకపోతే కుషన్‌కి జిప్పు ఉంటుంది కాబట్టి బతికిపోతున్నాం.

పేజీలో వివరం ఎలా ఉండాలో ఒక మచ్చు ఇస్తాను, గుమ్మం తోరణానికి అద్దాలు కుట్టే పని మీద. లంబాడీ తండాల్లో ఆడవాళ్లు చూడకుండానే వేసేస్తారు గానీ మనలాంటి వాళ్లకి విడమరిచి చెప్పాలి. అద్దం బిళ్లని గుడ్డ మీద పెట్టి ఎడమ చేతి బొటనవేలితో అదిమి పట్టుకోవాలి. ముందు అద్దం మీదుగా నిలువుగా రెండు దారాలు, వాటి మీదుగా అడ్డంగా రెండు దారాలు వేయాలి, అడ్డం దారాలు నిలువు దారాలకి ఒకసారి చుట్టి బిగించాలి. ఈ నాలుగూ అద్దం అంచుకి మరీ దగ్గరగా ఉండకూడదు, కాస్త లోపలికే ఉండాలి, ఎందుకంటే తర్వాత వేసే కుట్టు వీటిని బయటికి లాగుతుంది, అంచుకే ఉంటే జారిపోయి బిళ్ల ఊడి చేతిలోకి వస్తుంది. ఆ తర్వాత సూదిని అద్దం అంచు దగ్గర కింద నుంచి పైకి తీసి, ఆ నాలుగు దారాల కిందుగా దూర్చి బయటికి లాగాలి. అంచు పక్కనే గుడ్డని కొంచెం పట్టుకుని, సూది కిందుగా దారం మెలిక పెట్టి మళ్లీ లాగాలి. ఒకసారి దారాల్లోంచి, ఒకసారి గుడ్డలోంచి. ఇలా చుట్టూ తిరిగొస్తే మధ్యలో ఉన్న దారాలు అంచుకి చేరి అద్దానికి గుండ్రటి చట్రం కట్టినట్టు అవుతుంది. బిళ్ల అంచు గరుగ్గా ఉంటే దారం తెగుతుంది, కొనేటప్పుడే వేలితో తడిమి చూసుకోవాలి. మామిడాకుల ఆకారానికి రెండు పొరల గుడ్డ మధ్య టైలర్లు కాలర్లకి వాడే బక్రం పెడితే ఆకు నిటారుగా నిలబడుతుంది, లేకపోతే రెండు రోజులకే వేలాడిపోతుంది. ఇంతే, ఇది చదివి ఎవరైనా కుట్టుకోగలరు. దీని పక్కన అసలు సైజులో ఒక్క మామిడాకు గీత ఉంటే పని పూర్తయినట్టే.

మీ పేజీలో ఇదే తోరణానికి అద్దాల్ని గ్లూ గన్‌తో అతికించమన్నారు, పది నిమిషాల్లో అయిపోతుందట. అవుతుంది. ఉతికి ఇస్త్రీ పెట్టె తగిలించగానే ఆ జిగురు కరిగి గుడ్డంతా అంటుకుంటుంది, ఆ సంగతి కూడా రాయాల్సింది.

ఇక లేసు దగ్గర మాత్రం నాకు నిజంగా కడుపు మండింది. అదే పేజీలో టీపాయ్ మీద పరిచిన గుడ్డ కింద నరసాపురం లేసు అని రాశారు. అది మిషను మీద చేసిన నెట్టు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో వంటా వార్పూ అయ్యాక అరుగుల మీద కూర్చుని లేసు అల్లేవాళ్లని చూస్తూ పెరిగిన మాకు అది చూడగానే తెలిసిపోతుంది. చేతి లేసులో పలచటి గుడ్డ అంటూ ఉండదు. ఒకే దారం, ఒకే కొక్కెం సూది, మెలికలోంచి మెలిక లాగుతూ పువ్వుని మధ్య నుంచి బయటికి వరస వరసగా పెంచుకుంటూ పోతారు. చివరి ముడి విప్పి దారం లాగితే వరస మొత్తం ఊడి వచ్చేస్తుంది. మీ ఫోటోలో ఉన్నది సన్నటి నెట్టు గుడ్డ, దాని మీద మిషను కుట్టిన పువ్వులు. 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు ఇక్కడి ఆడవాళ్లకి ఈ పని నేర్పారని చెబుతారు, 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతం సరుకుకే ఈ పేరు చెందుతుందనే గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వచ్చిందే ఇంకో సరుకుని ఈ పేరుతో అమ్మకుండా ఉండటానికి కదా? అల్లేవాళ్లకి కూలి ఎన్ని కట్టల దారం అల్లారనే లెక్క మీద వస్తుంది, మధ్యలో ఏజెంట్లు, ఆ పైన ఎగుమతిదార్లు, అల్లినవాళ్ల చేతికి వచ్చేదే తక్కువ. మిషను నెట్టుని నరసాపురం లేసు అని పేపర్లో చూసినవాళ్లు రేపు అసలు లేసు బల్లగుడ్డ ధర వినగానే "ఇంత రేటా, బజార్లో సగం ధరకే దొరుకుతోంది" అని బేరం ఆడతారు. ఫోటో కింద ఒక్క మాట తప్పు పడితే పోయేది ఎవరి పొట్టకో ఒకసారి ఆలోచించండి.

అన్నట్టు, సోఫా వీపు మీద లేసు ముక్కలు వేయడం పాతకాలం ఫ్యాషన్, తీసి పారేయండి అని కూడా సలహా ఇచ్చారు. తలకి కొబ్బరి నూనె రాసుకుని సోఫాలో జారగిలబడి క్రికెట్ చూసే మగవాళ్లున్న ఇంట్లో ఆ లేసు ముక్క అలంకారం కాదండి, అవసరం. అది తీసి ఉతుక్కోవచ్చు, సోఫాని ఉతకలేం.

ఈ నమూనాలు గీసి, కుట్టి చూపించేవాళ్లు ఎక్కడ దొరుకుతారని అడిగే అవకాశం మీకు లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పరీక్షల విభాగం వాళ్లు టైలరింగ్, ఎంబ్రాయిడరీలో లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు పెడతారు, అవి పాసైనవాళ్లు మీ విలేకరులున్న ఏ ఊళ్లో అడిగినా తగులుతారు. జాకెట్లకి మగ్గం వర్క్ చేసేవాళ్లయితే వీధికొకరు ఉన్నారు, పెళ్లిళ్ల సీజను కాని నెలల్లో చేతిలో పని ఉండదు. వాళ్లతో ఒక కుషన్ కుట్టించి, ఫోటో తీయించి, పేరు వేసి, కష్టానికి డబ్బులివ్వండి. కంప్యూటర్ బొమ్మ ఉచితంగా వస్తుంది, నిజమే, కాకపోతే అది చూసి కుట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

నెలకి ఒక్క నమూనా చాలు మాకు. రంగుల్లో అక్కర్లేదు, నలుపు తెలుపుల్లో సన్నటి గీత వేస్తే ట్రేసింగ్ కాగితం మీదకి ఇంకా బాగా దిగుతుంది. మొదటిది సంక్రాంతి ముగ్గుతో కుషన్ వేసేట్టయితే నవంబరులోనే వేయండి, చేతి కుట్టు కదా, పండక్కి వారం ముందు వేస్తే ఎవరికీ పూర్తవదు. వెనక పేజీలో ముదురు రంగు ప్రకటన పెట్టకండి, ఇంకు ఇటు తేలి గీత కనపడదు. ఇంకో మాట, పేజీ సర్దేవాళ్లకి చెప్పండి, డిజైన్ సరిగ్గా మడత మీద పడకుండా చూడమని.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పాలకొల్లు